ఇంటి ముందు చిన్న జలపాతం: గోడ కంటే ముందు కింది సంపు సంగతి చూడండి

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. హనుమకొండలో ఇంటి ముందు పన్నెండడుగులకు ఎనిమిదడుగుల ఖాళీ జాగా ఉంది. ప్రహరీ వైపు మూడడుగుల రాతి గోడ కట్టి, దాని మీంచి నీళ్లు జారి కింద పడి, అవే నీళ్లు మళ్లీ పైకెక్కేలా చేయాలని మీ ఆలోచన. గోడ కింద అడుగు లోతు తొట్టి కట్టి, ఇంట్లో ఖాళీగా ఉన్న అర హెచ్‌పీ మోటారు బిగిస్తే చాలని మేస్త్రి అంటున్నారు. మీకున్నవి బోరు నీళ్లే. ఇంట్లో రెండేళ్ల మనవరాలుంది. దోమలొస్తాయని ఇంట్లోవాళ్లకు టెన్షన్. కట్టొచ్చా, కడితే ఎలా?

నిశ్చింతగా కట్టుకోండి. మీ జాగాకు మూడడుగుల గోడ సరిపోతుంది. కానీ మేస్త్రి చెప్పిన తొట్టీ వద్దు, ఆ మోటారూ వద్దు. పైకి నీళ్లు నిలిచి కనపడే తొట్టి కట్టకండి. భూమిలో కనీసం 400 లీటర్లు పట్టే సంపు తీసి, దాని మీద గట్టి జాలీ వేసి, జాలీ మీద గులకరాళ్లు పరవండి. నీళ్లు గోడ మీంచి జారి రాళ్లలో పడి మాయమవుతాయి, కింద సంపులో చేరతాయి. పాప పడిపోతుందన్న భయం ఉండదు, దోమల పని తేలికవుతుంది, ఎండకు ఆవిరయ్యేవీ తగ్గుతాయి. ఇళ్లలో ఏళ్ల తరబడి ఇదే పని చేస్తున్నాను. ముచ్చటపడి కట్టించుకుని ఏడాది తిరక్కుండా ఆపేసిన జలపాతాలు చాలా చూశాను. వాటిలో ఎక్కువ వాటికి జబ్బు గోడలో లేదు, కింద నీళ్లు నిలవ ఉండే చోటే ఉంది.

ఆ సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మేస్త్రులు సాధారణంగా లెక్క వేయనిది ఇక్కడే. మోటారు నడుస్తున్నంతసేపూ కొన్ని నీళ్లు పైనే ఉంటాయి: పైపులో, నీళ్లు చేరి అంచు దాటేందుకు గోడ పైన కట్టే చిన్న తొట్టిలో, రాళ్ల మీద జారుతూ. అవి కింది నుంచి తీసినవే కదా. కాబట్టి మోటారు వేయగానే కింద మట్టం దిగుతుంది. కరెంటు పోగానే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కిందికొస్తాయి. కింద చోటు లేకపోతే వాకిట్లోకి పొర్లుతాయి. పొర్లినవి పోగా, కరెంటు వచ్చి మోటారు మళ్లీ మొదలయ్యేసరికి నీళ్లు చాలవు. మోటారు గాలి పీల్చుకుంటూ, బుర్రుమంటూ కాసేపు తిరిగి కాలిపోతుంది.

మీ లెక్కే చూద్దాం. గోడ మీది తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, తొమ్మిదంగుళాల లోతు అనుకుంటే ఒకటిన్నర ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28 లీటర్ల చొప్పున 42 లీటర్లు. పైపులోవి, రాళ్ల మీదివి కలిపితే సుమారు 50. మేస్త్రి చెప్పిన తొట్టి నాలుగడుగులకు రెండడుగులు, అడుగు లోతు అనుకుంటే మొత్తం పట్టేది 225 లీటర్లు. మోటారు గాలి పీల్చకుండా ఉండాలంటే అడుగున ఆరంగుళాల నీళ్లు కదలకుండా ఉండాలి. అంటే వాడుకోగలిగేవి 110 లీటర్లే, వాటిలో 50 పైకెళ్లిపోయాయి. మే నెల ఎండల్లో మన దగ్గర తెరిచి ఉన్న నీళ్లు రోజుకు దాదాపు సెంటీమీటరు మేర ఆవిరవుతాయి. చదరపు మీటరుకు సెంటీమీటరంటే 10 లీటర్లు. జారే నీళ్లకు గాలి ఎక్కువ తగులుతుంది, తుంపర కూడా పోతుంది, కాబట్టి దీనికి రెండింతలైనా వేసుకోండి. కొన్ని రోజులు నీళ్లు కలపకపోతే కింది తొట్టిలో మట్టం మోటారుకు అందనంత దిగిపోతుంది. అందుకే నేను పైకెళ్లే నీళ్లకు కనీసం ఐదారు రెట్లు కింద ఉండేలా చూస్తాను.

సంపుకు మన బావి ఒరలే మేలు. మూడడుగుల వ్యాసం, అడుగు ఎత్తు ఉన్న సిమెంటు ఒరలు రెండు ఒకదాని మీద ఒకటి దించితే దాదాపు 400 లీటర్లు. మీ జాగాకు ఇది సరిగ్గా సరిపోతుంది. అడుగున నాలుగంగుళాల కాంక్రీటు, ఒరల మధ్య అతుకుకు వాటర్‌ప్రూఫింగ్ కలిపిన సిమెంటు, లోపల రెండు కోట్లు వాటర్‌ప్రూఫ్ పూత. కొందరు గొయ్యి తీసి, షీటు పరిచి, నిండా కంకర పోసేస్తారు. దానికో చిక్కుంది. కంకర మధ్య ఖాళీ సుమారు 40 శాతమే ఉంటుంది. వెయ్యి లీటర్ల గొయ్యి తవ్వినా 400 లీటర్లే పడతాయి, పైగా అడుగున బురద చేరితే తీయడానికి కంకరంతా ఎత్తిపోయాలి. ఒరలైతే జాలీ ఎత్తి, చెయ్యి పెట్టి కడగొచ్చు.

ఒరల చుట్టూ నీళ్లు పడే మేర నేలను ఒర వైపు వాలుగా చదును చేసి, 500 మైక్రాన్ల హెచ్‌డీపీఈ షీటు పరవండి. నీటి కుంటలకు రైతులు వాడే షీటే అది, ఎక్కడైనా దొరుకుతుంది. షీటు కింద ఇసుక గాని పాత గోనెసంచులు గాని వేయకపోతే రాయి గుచ్చుకుంటుంది. నీళ్లు ఎంత ఎత్తు నుంచి పడితే కనీసం అంత దూరం ముందుకు తుంపర వస్తుందని లెక్క పెట్టుకోండి. మీది మూడడుగులు కాబట్టి ముందుకు మూడు, గోడకు అటూ ఇటూ ఒకటిన్నర. షీటు అంచులు నేలకంటే రెండంగుళాలు పైకి లేపి మట్టి కప్పితే వాన బురద లోపలికి రాదు. వానాకాలంలో ఎక్కువైన నీళ్లు పోవడానికి ఒక పైపు పెట్టి ఇంకుడు గుంతలోకి వదలండి.

జాలీ విషయంలో పిసినారితనం వద్దు. దాని మీద పాపే కాదు, మీరూ నిలబడతారు. గాల్వనైజ్డ్ ఇనుము గాని ఫైబర్ గ్రేటింగ్ గాని తీసుకోండి. మామూలు ఇనుముకు పెయింటు వేస్తే రెండు మూడు వానాకాలాల్లో తుప్పు పడుతుంది, అది బయటికి తెలియదు. ఒక ఇంట్లో గులకరాళ్ల కింద జాలీ తిని పోయి, కుండీలో మొక్క మార్చడానికి ఎక్కినాయన కాలు మోకాలి దాకా దిగింది. గుర్తుంచుకోండి, చిన్న పిల్లలకు కొన్ని అంగుళాల నీళ్లు చాలు ప్రమాదానికి. అందుకే ముందే చెప్పాను, ఈ వయసు పిల్లలున్న ఇంట్లో తెరిచిన నీళ్లు నేను కట్టను. నీళ్లు పెట్టుకుని చుట్టూ రెయిలింగ్ వేస్తామనే వాళ్లకూ అదే చెప్తాను. చూపు మరలిన ఒక్క నిమిషం చాలు.

ఇక మోటారు. మీ దగ్గరున్నది ట్యాంకుకు నీళ్లు ఎక్కించడానికి చేసింది. దాని బలమంతా ఎత్తు కోసం. నాలుగడుగుల ఎత్తుకు నడిపితే నీళ్లు అవసరానికి మించి వస్తాయి, లోడు పెరిగి మోటారు వేడెక్కొచ్చు, గంటకు దాదాపు అర యూనిట్ తాగుతుంది, పక్కింటికి వినపడేంత చప్పుడు చేస్తుంది. నీళ్లలో మునిగి ఉండే చిన్న ఫౌంటెన్ పంపు తీసుకోండి.

పంపు కొనేటప్పుడు డబ్బా మీది అంకె చూసి మోసపోతుంటారు. గంటకు 5,000 లీటర్లని రాసి ఉంటే, అది పైకి ఎక్కించే పనే లేనప్పుడు. ఎత్తు పెరిగే కొద్దీ వచ్చే నీళ్లు తగ్గి, ‘గరిష్ఠ ఎత్తు’ అని రాసిన చోట సున్నా అవుతాయి. ఎంత నీళ్లు కావాలో అంచు బండ, అంటే గోడ పైన నీళ్లు దాటి కింద పడే రాయి, వెడల్పును బట్టి చెప్పొచ్చు: సెంటీమీటరు వెడల్పుకు గంటకు సుమారు 150 లీటర్లు ఉంటే నిండైన తెరలా పడుతుంది. గరుకు రాళ్ల మీద జారడమే కావాలనుకుంటే అందులో సగం చాలు. అడుగు వెడల్పు తెర కావాలంటే 4,500 లీటర్లు కావాలి. మీ గోడకు ఎనిమిదంగుళాల అంచు చాలు, అంటే 20 సెంటీమీటర్లు, 3,000 లీటర్లు. సంపులో నీటి మట్టం నుంచి అంచు దాకా నాలుగున్నర అడుగులు, అంటే 1.4 మీటర్లు. పంపు ఎంత లోతున ఉందన్నది లెక్కలోకి రాదు, నీటి మట్టం నుంచే కొలవాలి. పైపు రాపిడికి కొంత కలిపి 1.7 అనుకోండి. మూడున్నర నాలుగు మీటర్ల గరిష్ఠ ఎత్తు, 5,500–6,000 లీటర్లు రాసి ఉన్న పంపు ఈ ఎత్తుకు సుమారు 3,000 ఇస్తుంది. డబ్బాతో వచ్చే కాగితంలో ఎత్తుకూ నీళ్లకూ గీసిన గీత ఉంటుంది, అది చూడకుండా కొనొద్దు. ఆ కాగితం ఇవ్వని పంపు నేను తీసుకోను.

ఇలాంటి పంపు 90 వాట్లదైతే రోజుకు ఆరు గంటలు నడిపితే అర యూనిట్‌కు కాస్త పైన, నెలకు 16 యూనిట్లు. పైపు మాత్రం పంపు మూతి కంటే ఒక సైజు పెద్దది వేయండి. మూతి ఇంచైతే ఇంచుంపావు. ఎల్బోలు తగ్గించండి. పైకెళ్లే పైపుకు ఒక బాల్ వాల్వు, పంపు దగ్గర ఒక యూనియన్ (విప్పి బిగించుకునే అతుకు) తప్పకుండా పెట్టించండి. వాల్వుతో నీళ్లు తగ్గించుకోవచ్చు, యూనియన్ విప్పితే పంపు చేతికొస్తుంది. యూనియన్ లేక పైపు కోసి పంపు తీయాల్సి వచ్చిన ఇళ్లు బోలెడు. పంపును చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ బకెట్లో ఉంచి, బకెట్ చుట్టూ నైలాన్ వల చుడితే ఆకులు, వేప పూత లోపలికి వెళ్లవు.

మీ ప్రశ్నలో లేనిది, కానీ ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అంచు బండ. జలపాతం అందమంతా అక్కడే తేలుతుంది. నీళ్లు బండ అంచు దాటగానే తిన్నగా కింద పడతాయనుకుంటాం. పడవు. బండ కింది వైపుకు అంటుకుని వెనక్కి పాకి, గోడ వెంట కారిపోతాయి. ముందు నుంచి చూస్తే తడిసిన గోడ తప్ప జలపాతం ఉండదు. దీనికి మందు చిన్నదే. బండ కింది వైపు, అంచుకు అరంగుళం వెనక, అడ్డంగా ఐదారు మిల్లీమీటర్ల లోతు గాడి కట్టర్‌తో కోయించండి. నీళ్లు ఆ గాడి దగ్గరికొచ్చి ఆగి, అక్కడి నుంచి రాలిపోతాయి. బండ గోడకంటే రెండు మూడంగుళాలు ముందుకు ఉండాలి. అడ్డంగా రసమట్టం పెట్టి చూడండి. ఒక పక్కకు రెండు మిల్లీమీటర్లు వంగినా నీళ్లన్నీ ఆ మూలకే పోయి, మిగతా అంచు ఎండిపోతుంది. సిమెంటు పెట్టక ముందే బండను పొడిగా పేర్చి, పంపు వేసి, కింద చిన్న రాతి చిప్పలు దూరుస్తూ తీస్తూ నీళ్లు ఎలా పడుతున్నాయో చూడండి. ఒక సాయంత్రం దీనికే కేటాయించండి. మేస్త్రి విసుక్కున్నా పట్టుబట్టండి.

శబ్దం కూడా ఇలాగే చూసి సరిచేసుకునేదే. మూడడుగుల నుంచి నేరుగా గులకరాళ్ల మీద పడితే చిటపటమని గట్టిగా ఉంటుంది, పడక గది కిటికీ దగ్గరైతే చికాకు. మధ్యలో వాలుగా ఒక బల్లపరుపు రాయి పెడితే నెమ్మదిస్తుంది. ఒర మీది జాలీ పైన రాళ్లు పలచగా ఉన్న చోట నీళ్లు పడేలా చూస్తే, అవి కింద బోలులోకి జారి లోతైన గలగల వినిపిస్తుంది. రాళ్లు ఒక్కొక్కటీ అటూ ఇటూ జరిపి విని చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

రాయి ఎంపికలో బోరు నీళ్లను మర్చిపోకండి. నీళ్లు ఆవిరవుతాయి గాని వాటిలోని ఉప్పులు ఆవిరి కావు. రోజూ కాసిని బోరు నీళ్లు కలుపుతూ పోతే సంపులో ఉప్పు చిక్కనవుతుంది, నీళ్లు జారే చోట తెల్లటి పొర కడుతుంది. నల్ల గ్రానైట్ మీద అది కొట్టొచ్చినట్టు కనపడుతుంది. బూడిద రంగు, లేత గులాబీ రంగు గ్రానైట్ గుండ్లు మీ చుట్టుపక్కలే దొరుకుతాయి, వాటి మీద అంతగా తెలియదు. తాండూరు, బేతంచెర్ల, కడప బండలు అందంగా ఉంటాయి, కానీ అవన్నీ సున్నపురాయి జాతి. తెల్ల పొర పోవాలని వాటి మీద యాసిడ్ పోస్తే పొరతో పాటు రాయీ పోతుంది. అవే కావాలంటే నీళ్లు తగలని చోట, కూర్చునే అరుగుకు వాడుకోండి.

ఉప్పు తగ్గించడానికి, రెండు మూడు నెలలకోసారి సంపులో సగం నీళ్లు తీసి, ఉప్పును ఓర్చుకునే మొక్కలకు పోసి కొత్తవి నింపండి. డాబా మీది వాన నీటి గొట్టం ఒకటి సంపులోకి తిప్పగలిగితే అంతకంటే మంచి నీళ్లు లేవు. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు, ఎండాకాలంలో రోజువారీ తగ్గుదలకు అవి బకెట్లో పట్టి పోయొచ్చు. ఆర్వో మెషీన్ వదిలేసే నీళ్లు మాత్రం పోయకండి, వృథా కాకూడదని చాలామంది పోస్తుంటారు. ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. పంపు చక్రానికి పొర పడితే విప్పి, కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో రెండు గంటలు నానబెట్టి పాత బ్రష్‌తో తోమండి.

దోమల విషయం. కదిలే నీటి మీద దోమ గుడ్లు పెట్టదన్నది నిజమే, కానీ జలపాతంలో కదలని మూలలూ ఉంటాయి. గుడ్డు నుంచి దోమ కావడానికి మన వేడికి వారం పది రోజులు చాలు. గోడ మీది తొట్టిలో మోటారు ఆపాక నీళ్లు నిలవకూడదు. పైపును ఆ తొట్టి అడుగు నుంచి ఎక్కించి, నాన్ రిటర్న్ వాల్వు పెట్టకుండా వదిలేస్తే ఆపగానే నీళ్లన్నీ పైపులోంచే వెనక్కి దిగిపోతాయి. సంపు పెద్దది కట్టమన్నందుకు ఇదీ ఒక కారణం. జాలీ కింద స్టీలు దోమల వల బిగించండి. రోజూ కొంతసేపు నడపండి. ఊరెళ్లే ముందు బీటీఐ (దోమ పిల్లల్ని చంపే బ్యాక్టీరియా మందు) బిళ్ల గాని గుళికలు గాని వేస్తే పిల్ల పురుగులు చస్తాయి, మనుషులకూ పెంపుడు జంతువులకూ హాని ఉండదు. ఇంకొక్క మాట. డెంగీ దోమ గుడ్లు నీటి అంచుకు పైన, తడి గోడకు అంటుకుని ఉంటాయి, నీళ్లు తీసేసినా నెలల తరబడి బతుకుతాయి. కాబట్టి సంపు కడిగినప్పుడు నీళ్లు పారబోసి ఊరుకోకుండా, గోడను గట్టి బ్రష్‌తో తోమాలి.

చేపలు, తామరల గురించి మీరడగలేదు గాని, కట్టాక అడుగుతారు. ఈ సంపులో చేపలు వద్దు. చేపలకు వెలుతురు, రెండడుగుల లోతు, రాత్రీ పగలూ ఆగకుండా గాలి కావాలి, అది వేరే పద్ధతి. కలువలు, తామరలకు తుంపర సరిపడదు, ఆకుల మీద ఎప్పుడూ నీళ్లు పడుతుంటే నీరసిస్తాయి. ఎండ తగిలే చోట వేరే తొట్టిలో పెంచుకోండి, పాప పెద్దయ్యాక. జలపాతం పక్కన, తుంపర అందే చోట మెట్టతామర, వస నాటితే బాగా వస్తాయి. గుర్రపు డెక్క మాత్రం తేవొద్దు. తోటలో ఎక్కువైంది కదా అని దగ్గర్లోని చెరువులో పడేస్తారు, ఆ తర్వాత చెరువు కనపడదు.

కరెంటు పని తెలిసినవాళ్లతోనే చేయించండి. పంపుకు విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు), సరైన ఎర్తింగ్ ఉండాలి. వైరు పీవీసీ గొట్టంలో రావాలి, స్విచ్చు వాన తగలని పెట్టెలో నడుము ఎత్తున ఉండాలి, నీళ్లలో గాని రాళ్ల కింద గాని వైరుకు అతుకు ఉండకూడదు. ఒకచోట టేపు చుట్టిన అతుకు గులకరాళ్ల కింద తడిసి, కలుపు తీస్తున్న తోటమాలి చేతికి షాక్ కొట్టింది. ఆర్‌సీసీబీ ఉండుంటే ఆ క్షణమే కరెంటు తెగిపోయేది. లైట్లు 12 వోల్టులవే వాడండి. సంపులో చెయ్యి పెట్టే ముందు స్విచ్చు ఆపి, ప్లగ్ పీకేయడం ఇంట్లో అందరికీ అలవాటు చేయండి.

కట్టాక లీకేజీ చూడటానికి ఒక పద్ధతి. సంపు నింపి, మట్టం దగ్గర సుద్దతో గీత పెట్టండి. పక్కనే ఒక బకెట్ నింపి దానికీ గీత పెట్టండి. మోటారు వేయకుండా రెండు రోజులు వదిలేయండి. బకెట్లో తగ్గినంతకు మించి సంపులో తగ్గకూడదు. తగ్గితే సంపు కారుతోంది. అది నిలిచిందంటే, మోటారు నడిపి మళ్లీ చూడండి. నడిపినప్పుడు మాత్రమే బాగా తగ్గుతోందంటే గోడ మీది తొట్టో, షీటు దాటిన తుంపరో కారణం. ఈ పరీక్ష అయ్యేదాకా మేస్త్రికి చివరి డబ్బు ఇవ్వకండి, గులకరాళ్లూ పరవకండి.

గోడను ప్రహరీకి ఆనించి కట్టించొద్దు. నాలుగంగుళాలు వదిలితే చెమ్మ పక్కింటి వాళ్ల వైపు దిగదు. ఈశాన్యంలో రావాలని పెద్దవాళ్లు అంటుంటే కాదనక్కర్లేదు, కాకపోతే చాలా ఇళ్లలో మంచినీళ్ల సంపు, బోరు కూడా అక్కడే ఉంటాయి కాబట్టి గొయ్యి తీసే ముందు పైపులు ఎటు పోతున్నాయో కనుక్కోండి. జాగా ఫోటో పంపండి. బోరు, సెప్టిక్ ట్యాంకు, పెద్ద చెట్టు ఏదైనా ఉంటే అవి గోడకు ఎంత దూరంలో ఉన్నాయో రాయండి. ఒరలు ఏ మూలకు దించితే బాగుంటుందో చూసి చెప్తాను.